గంగవ్వ నోరు

మొన్న ఆషాఢంలో మా అక్క ప్లేటు పగిలింది. ప్లేటంటే అన్నం తినేది కాదు, అంగిట్లో పెట్టుకునేది. మా అక్క గంగవ్వకు పుట్టుకతోనే అంగిట్లో తొర్ర ఉంది. నోటికీ ముక్కుకూ మధ్య ఉండాల్సిన గోడ లేదు. ఆ తొర్రను మూసి, మాటను ముక్కులోకి పోకుండా ఆపేది ఈ గులాబీ రంగు ప్లాస్టిక్ రేకు. జొన్నరొట్టె నములుతుంటే అది టక్కుమని రెండు ముక్కలైందట. ఆ ముక్కలను కొంగున ముడేసుకుని, ఎల్లారెడ్డిలో బస్సెక్కి, కామారెడ్డిలో మా ఇంటికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఆడవాళ్లకు పైసల్లేని జీరో టికెట్టు కొట్టే కండక్టరమ్మ ఎక్కడికని అడిగితే నోటితో చెప్పలేక, పక్క సీటామె చేతిలోని టికెట్టు లాక్కుని చూపించిందట. ఆ సంగతి గుమ్మంలోనే నిలబడి నవ్వుతూ చెప్పింది. మాటంతా ముక్కులోంచే వచ్చింది. మా కోడలు సరిత అయోమయంగా చూసింది. నాకు ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా అర్థమైంది.

స్టేషను రోడ్డులో ఒక పండ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. మా దిక్కు పళ్లను కూడా పండ్లే అంటాం కాబట్టి ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి అక్కడ సీతాఫలాలు అడిగినా తప్పు పట్టలేం. డాక్టరమ్మకు ముప్పై ఏళ్లుండవు. పగిలిన ముక్కలను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మంచి చేతిపని అని మెచ్చుకుంది. అక్కను కుర్చీలో పడుకోబెట్టి, "ఇది ఎప్పటి నుంచి పెట్టుకుంటున్నరు పెద్దమ్మా?" అని అడిగింది. అక్క జవాబు చెప్పింది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటున్నారు మేడమ్?" ఆమె అడగడం పూర్తికాకముందే నా నోరు తెరుచుకుంది. "పెండ్లికి ముందు నుంచి అంటున్నది. ఇది మూడోది అంటున్నది. మొదటిది చేసినాయన కొడుకే దీన్ని చేసిండంటున్నది." అట్లా గడగడా చెప్పేశాను. యాభై ఏళ్ల కిందటెప్పుడో మానేసిన పనిలోకి నా నోరు అంత తేలిగ్గా దిగిపోయేసరికి నాకే భయమేసింది. ఎందుకంటే ఆ పనిలో ఉండగా నేను ఒకసారి అక్కకు చేసిన ద్రోహం ఇద్దరం కలిసి ఎప్పుడూ మాట్లాడుకోనిది.

నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన పంతులమ్మను. క ఖ గ ఘ ల తర్వాత వచ్చే ఙ దగ్గర పిల్లలు ప్రతి ఏడూ ఆగేవాళ్లు. టీచర్, ఈ అక్షరంతో మాట ఏదీ లేదా అని అడిగేవాళ్లు. లేదు, ఊరికే నేర్చుకోండి అనేదాన్ని. అది అబద్ధం. ఆ అక్షరాన్ని పొద్దంతా వాడిన మనిషి మా ఇంట్లోనే ఉండేది. గాలి ముక్కులోకి పోయే మనిషి నోట క, గ లు ఙ అవుతాయి. ప, బ లు మ అవుతాయి. త, ద లు న అవుతాయి. పేరు చెప్పమంటే మా అక్క ఙంఙవ్వ అనేది. బాపును మాము అని పిలిచేది. అమ్మను మాత్రం మా దిక్కు అందరిలాగే అచ్చంగా అవ్వా అనే పిలిచేది. ఆ మాటకు అంగిలితో పని లేదు. ఊళ్లో పిల్లలు ఆ ఙంఙవ్వను పట్టుకుని ఏడిపిస్తే మూడో తరగతిలోనే బడి మానేసింది. నాకంటే ఏడేళ్లు పెద్దది.

ఎల్లారెడ్డిలో మా ఇల్లు రెండు అర్రలు, ముందు వసారాగా ఒక సాయబాన. బాపు రైసుమిల్లులో హమాలీ. పోచారం కాలువ కింద పండిన వడ్ల బస్తాలు మోసి మోసి సాయంత్రానికి మాటలన్నీ మిల్లులోనే దించేసి వచ్చినట్టుండేవాడు. అవ్వ బీడీలు చేసేది. పదేళ్లు దాటేసరికి అక్క అవ్వను మించిపోయింది. పొద్దుగూకేటప్పుడు తునికాకును తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టడం, తెల్లారి రేకుముక్క ఆనించి కత్తెరతో కోయడం, మధ్యాహ్నం దాకా చాట ఒళ్లో పెట్టుకుని చుట్టడం, కట్టలు కట్టడం. ఇంట్లో అన్నం మెతుకు దగ్గర నుంచి పరుపు దాకా అన్నింటికీ తంబాకు వాసన. పెరుగులో కూడా ఉండేదంటే ఎవరూ నమ్మరు. ఇప్పటికీ ఎక్కడన్నా ఆ ఘాటు తగిలితే నాకు ముందు తుమ్ము వస్తుంది, వెంటనే ఇల్లు గుర్తొస్తుంది.

బాపు తల్లిని మేము ముసలవ్వ అనేవాళ్లం. ఆమెకు గడపలో కూర్చుని లోకాన్ని తప్పుబట్టడమే పని. "గ్రహణం నాడు నీ అవ్వ వంకాయ కోసిందే, గందుకే దాని మూతి గట్లయింది" అని వారానికి ఒకసారైనా అనేది. అక్కకు పెదవి కూడా చీలి పుట్టింది. అది గ్రహణం మొర్రి అన్నారు. పసితనంలోనే ఏదో దవాఖానలో పెదవి కుట్టించారు, సన్నటి గీత మిగిలింది. లోపలిది తమవల్ల కాదన్నారట. పైకి కనబడేది బాగైంది కాబట్టి ఇంట్లోవాళ్లు దాంతోనే తృప్తిపడ్డారు. అవ్వ ముసలవ్వకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. నేను ఎంతడిగినా వంకాయ కోశానని గానీ కోయలేదని గానీ అనలేదు. కానీ ఆ తర్వాత ఏ గ్రహణం వచ్చినా, కడుపుతో లేకపోయినా సరే, కత్తెర ముట్టేది కాదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఎప్పుడో పుట్టేసిన బిడ్డ కోసం అట్లా కూర్చోవడం నాకు అప్పుడు వింతగా తోచేది.

అక్క అందరి ముందూ నీళ్లు తాగేది కాదు. తాగితే ముక్కులోంచి వచ్చేవి. అంబలైతే మరీ కష్టం. అందుకని గోడవైపు తిరిగి, ముక్కు చివర కొంగు పట్టుకుని, గుక్కెడు గుక్కెడుగా మింగేది. చుట్టాల ఇండ్లకు పోతే పొద్దంతా దాహంతోనే ఉండేది. ఇంట్లోవాళ్లకు ఆమె చిన్న చిన్న మాటలు అర్థమయ్యేవి. నీళ్లు, అన్నం, వస్తున్న, పోతున్న. మాట నాలుగు ముక్కలు దాటితే అవ్వ కూడా నా వైపే చూసేది. నేను అక్క ఒళ్లోనే పెరిగాను కదా, నా చెవి ఆ ముక్కు మాటతోనే తెలుగు నేర్చుకుంది. ఐదో ఏటి నుంచే నాకు ఆ కొలువు కుదిరింది. దుకాణానికి పోయినా, బీడీల కార్ఖానాలో కట్టలు అప్పజెప్పి ఆకు తెచ్చుకోవడానికి పోయినా అక్క పక్కన నేనుండాలి. ఊళ్లో నా పేరే పోయింది. "గంగవ్వ నోరు యాడికి పోయిందే?" అని నన్ను వెతికేవాళ్లు.

మొదట్లో ఆ కొలువు గొప్పగా ఉండేది. దుకాణం సేటు నా చేతిలో బెల్లంముక్క పెట్టేవాడు. అక్క మాటను ఉన్నదున్నట్టు చెప్పకుండా కాస్త మెరుగు పెట్టేదాన్ని కూడా. కార్ఖానాలో గుమాస్తా ఆకు మంచిది ఇవ్వకపోతే అక్క "గీ ఆకు నీ ఇంటి మీద కప్పుకో" అనేది. నేను "కొంచెం మంచి ఆకు చూసియ్యి సారూ అంటున్నది" అనేదాన్ని. అక్క నన్ను మోచేత్తో పొడిచేది, ఇంటికొచ్చేదాకా ఇద్దరం నవ్వేవాళ్లం. కానీ పదేళ్లు వచ్చేసరికి నాకు విసుగు పుట్టింది. తొక్కుడుబిళ్ల ఆటలో నాలుగో గడి దాకా వచ్చానంటే చాలు, కేక వచ్చేది. బిళ్ల అక్కడే వదిలేసి పోవాలి. తిరిగి వచ్చేసరికి ఆట ముగిసేది. నా నోరు నాకోసం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నేను లోలోపల లెక్కలు వేసుకునేదాన్ని.

అక్కకు పద్దెనిమిదో ఏడు నడుస్తుండగా సదాశివనగర్ నుంచి సంబంధం వచ్చింది. పెండ్లాం చచ్చిపోయిన మనిషి, ఇద్దరు చిన్నపిల్లలు. ఇంత భూమి, ఒక మోటబావి. ఇచ్చిపుచ్చుకోవడాల మాటే ఎత్తలేదు. బాపుకు అది దేవుడిచ్చిన వరంలా కనిపించింది. వాళ్లు వచ్చిన రోజు మగవాళ్లు సాయబానలో కూర్చున్నారు, అక్కా నేనూ లోపలి అర్రలో తలుపు చాటున ఉన్నాం. బాపు నీళ్లు తేవడానికి లేచి పోయిన సందులో ఆ మనిషి పక్కనున్న తన మేనమామతో నవ్వుతూ అన్నాడు. "నోరు లేని పిల్లయితేనే మంచిది తియ్యి మామా. ఎదురు మాట్లాడది." మేమిద్దరం విన్నాం. అక్క నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ పట్టు గట్టిపడడం నాకు తెలిసింది.

అక్కను పిలిచి చాప మీద కూర్చోబెట్టారు. ఆ మేనమామ పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, "పిల్లా, ఇద్దరు చిన్నపిల్లలున్నరు. నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. అక్క తల వంచుకునే, తొందరపడకుండా, నాకు అందేటట్టుగా చెప్పింది. "పిల్లల సంగతి గాదు. ఎదురు మాట్లాడనని నన్ను చేసుకుంటున్నడు. నాకు గూడ మాటలున్నయి. ఈనను నేను చేసుకోను." వాళ్లకు వినబడింది ఒట్టి ముక్కు ధ్వని. అందరూ నా వైపు చూశారు. అవ్వ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. బయట నా ఈడు పిల్లలు బిళ్లతో గడులు గీస్తున్న చప్పుడు వినబడుతున్నది. అక్క వెళ్లిపోతే ఈ కొలువు ఉండదు అనే ఆలోచన నాకు ఆ క్షణంలోనే వచ్చింది. అది వచ్చిందని ఇన్నేళ్లూ నేను కాదనుకోలేకపోయాను. "సరేనంటున్నది. పిల్లలను మంచిగ చూసుకుంటనంటున్నది" అన్నాను. మెరుగు పెట్టే అలవాటు కదా, ఆ రెండో ముక్క నోటికి అదే వచ్చింది. అక్క తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. మెట్టు ఉందనుకుని అడుగు వేసి పడ్డ మనిషి చూపు అది.

అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. వద్దని అవ్వతో "ఒల్ల, ఒల్ల" అన్నది. ఆ మాటను అక్క చక్కగా పలకగలిగేది, అందులో ముక్కులోకి జారిపోయే అక్షరం ఒక్కటీ లేదు. అయితే ఏం లాభం? "పెండ్లి ఒల్ల అనని పిల్ల ఏ ఊర్లున్నది బిడ్డా? నేను గూడ ఏడ్సిన" అని అవ్వ తల నిమిరింది. ఒల్ల అనడానికి అంగిలి అక్కరలేదు. ఎందుకు ఒల్లనో చెప్పడానికే కావాలి. అక్క ఆ ఎందుకు అనేదాన్ని కూడా చెప్పబోయింది, చేతులతో సహా చెప్పింది. అవ్వ నన్ను అడిగింది. "మిమ్ములను ఇడిసిపెట్టి పోవాలని ఏడుస్తున్నదట" అన్నాను. ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇంకొకటి ఆడాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి అక్క నాతో పెద్ద మాటలు మాట్లాడడం మానేసింది. నీళ్లు, అన్నం, వస్తున్న, పోతున్న. అంతే.

మాఘంలో పెండ్లి అనుకున్నారు. అవ్వకు బెంగ పట్టుకుంది. "అత్తగారింట్ల గోడ దిక్కు తిరిగి నీళ్లు తాగుతె ఏమనుకుంటరు?" అనేది. మిల్లుకు వచ్చే ఒక లారీ డ్రైవరు బాపుకు చెప్పాడట, కామారెడ్డిలో యూసుఫ్ సాబ్ అని పండ్ల సెట్లు కట్టే ఆయన ఉన్నాడని, హైదరాబాదు పెద్ద దవాఖానలో చేసి వచ్చిన చెయ్యి అని, అంగిలి తొర్రకు కూడా రేకు కడతాడని. అవ్వ, అక్క, నేను బస్సులో పోయాం. యూసుఫ్ సాబ్ దుకాణంలో గాజు బీరువానిండా నవ్వులే. మనుషులు లేని పండ్ల వరసలు. ఆయన తెల్లగడ్డం, సుర్మా పెట్టిన కళ్లు. అక్క నోట్లోకి టార్చి వేసి చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. అక్కకు ఆయన నచ్చింది అందుకే అనుకుంటాను. అంతకుముందు ఎవరు చూసినా అయ్యో అనేవాళ్లు.

"డరో మత్ బేటీ, ముక్కుతోని గాలి తీసుకో" అంటూ తొర్ర మీద గుడ్డపీలిక పరిచి, వేడినీళ్లలో మెత్తబడ్డ ఎర్రటి మైనపు ముద్దను అంగిట్లోకి నొక్కాడు. అక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కడుపులో తిప్పింది, అయినా కుర్చీ చేతులు వదలలేదు. మూడుసార్లు తిరిగాక రేకు తయారైంది. చివర్లలో సన్నని తీగ కొక్కేలు, అవి పండ్లకు పట్టుకుంటాయి. అది పెట్టి, ఆయన గిలాసతో నీళ్లిచ్చాడు. అక్క అలవాటుగా గోడవైపు తిరగబోయింది. "ఇటే చూడు బేటీ" అన్నాడు. మా ముందే తాగింది. ఒక్క చుక్క ముక్కులోంచి రాలేదు. గిలాస ఖాళీ చేసి, ఇంకొకటి అడిగి అది కూడా తాగింది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని దుకాణం మెట్ల మీదికి పోయి కూర్చుంది. నేను మాత్రం అక్క ఇప్పుడేం మాట్లాడుతుందో అని భయంగా ఆమె నోటివైపే చూస్తున్నాను. అక్క నోరు తెరిచి ఏదో అన్నది. పాత ముక్కు మాటే.

యూసుఫ్ సాబ్ నవ్వాడు. "మాట గీ రేకుల లేదమ్మా. రేకు గాలిని ఆపుతది, గంతే. మాట నువ్వే నేర్చుకోవాలె. అరచేతుల దూదిపింజ పెట్టుకొని ప అను. పింజ ఎగరాలె. ఎగరకుంటె గాలి ఇంకా ముక్కుల పోతున్నట్టు." మా ఇంట్లో దూది ఎక్కడిది? చాటలో తంబాకు పొడి ఉంది. అక్క చిటికెడు పొడి అరచేతిలో వేసుకుని, మూతి దగ్గర పెట్టుకుని మ, మ, మ అనేది. పొడి కదిలేది కాదు. తొమ్మిదో రోజున ప అన్నది. పొడి లేచి ముసలవ్వ మొహాన పడింది. ముసలవ్వ ఏడు తుమ్ములు తుమ్మి, శాపనార్థాలు పెట్టి, మళ్లీ ఒకసారి అనమన్నది. ఆ తర్వాత అక్క బీడీ చుడుతూనే నేర్చుకుంది. చుట్టేటప్పుడు ట, దారం కట్టేటప్పుడు త. రేకు చిగుళ్లను కోసేది, సాయంత్రానికి తీసి చూస్తే నెత్తుటి చారలుండేవి. ఉప్పునీళ్లు పుక్కిలించి, తెల్లారి మళ్లీ పెట్టుకునేది.

నేను పలక మీద పెద్దక్షరాలతో మాటలు రాసిచ్చేదాన్ని. పలక, బండ, తాత. అక్క ఆ పలక తుడిచేసి, తనకు తెలిసిన అక్షరాలతోనే వంకరటింకరగా ఒక మాట రాసి, దాన్నే పదే పదే పలికేది. ఎదురు. మొదట ఎనురు అని వచ్చేది. వందసార్లు, రెండువందల సార్లు. ఒకరోజు దు గట్టిగా, శుభ్రంగా వచ్చింది. అక్క తలెత్తి నా వైపు చూసింది. ఈ మాట ఎవరికోసం తయారవుతున్నదో నాకు తెలుసు, ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అవ్వకు ముందే చెప్పేద్దామా అని పది రోజులు ఆలోచించి, ధైర్యం చాలక చెప్పలేదు.

సంబంధం ఖాయం చేసుకునే పూలుపండ్ల నాడు సదాశివనగర్ నుంచి ఎడ్లబండి నిండా వచ్చారు. వాళ్ల పెద్దామె తట్టలో చీర, పూలు, కొబ్బరికాయ పెట్టి అక్క చేతికి ఇవ్వబోయింది. అక్క చేతులు చాపలేదు. నిలబడింది. ఆ మనిషిని సూటిగా చూసింది. "ఎదురు మాట్లాడని పిల్ల మంచిదన్నవు. నేను విన్న. నేను ఎదురు మాట్లాడుత. ఇప్పుడే మాట్లాడుతున్న." క, గ లు ఇంకా రాలేదు కాబట్టి అవి లేని మాటలనే ఏరుకున్నదని నాకు తర్వాత తట్టింది. ఒక్కో మాటకూ మధ్య రేకు టక్కుటక్కుమన్నది. ఎవరికీ నా వైపు చూడాల్సిన పని పడలేదు. బాపు లేచాడు. బస్తా దించినట్టు ఆ తట్టను మెల్లగా ఆమె చేతుల్లోంచి తీసుకుని బండిలో పెట్టాడు. "బిడ్డ మాట విన్నరు గద. పైలంగ పోయిరాండ్రి" అన్నాడు. నేను బాపు నోట విన్న అతి పొడుగు మాటల్లో అది ఒకటి.

బండి మలుపు తిరగకముందే అవ్వ నా రెక్క పట్టుకుంది. "పొల్లా, ఆనాడు అది ఏమన్నది, నువ్వేం చెప్పినవే?" అక్క మా మధ్యకు వచ్చింది. "దాన్ని అనొద్దు అవ్వా. నా మాట దానిది సమజ్ అవ్వలేదు. నా నోరే అట్లుండె." క, గ లు తప్పించబోయి మాట తడబడింది, పొందిక కుదరలేదు, అయినా తన మాట నాకు అర్థం కాలేదంటున్నదని అందరికీ తెలిసింది. కొత్త నోటితో మొదట నిజం చెప్పింది. రెండోసారి నాకోసం అబద్ధం ఆడింది. అవ్వ నమ్మింది. నేను కూడా నమ్మడానికి చాలా ప్రయత్నించాను. అక్క నిజంగానే అట్లా అనుకుంటున్నదేమో, నాకు ఆనాడు అర్థం కాలేదనే ఆమె ఉద్దేశమేమో అని ఎన్నో ఏళ్లు నన్ను నేను ఊరడించుకున్నాను.

పెండ్లి తప్పిన తర్వాత కూడా అక్క తంబాకు ఊదడం ఆపలేదు. క రావడానికి ఆరు నెలలు పట్టింది, గ రావడానికి ఏడాది. ఆ మరుసటేడు నన్ను కామారెడ్డి బడిలో వేశారు, హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మూడేళ్లకు భిక్నూర్ నుంచి సంబంధం వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. ఈసారి ఆమెనే అడిగారు, ఆమే చెప్పింది. ఆ బావ ఎల్లారెడ్డిలోనే మిషను పెట్టుకుని, అక్కతో రోజూ వాదించి, రోజూ ఓడిపోయి, నిండుగా బతికి పోయాడు. ఎదురు మాట్లాడకపోతే ఆయనకు తోచేది కాదు.

ఇప్పుడు అట్లా పుట్టిన పిల్లలకు ఏడాది దాటీ దాటకముందే లోపలి తొర్రను కూడా కుట్టేస్తున్నారని డాక్టరమ్మ చెప్పింది. మాట నేర్పడానికి వేరే చదువు చదివినవాళ్లున్నారట. అక్క నోట్లో ముద్ద పెట్టలేదు, పెన్నులాంటి కెమెరా తిప్పితే అంగిలంతా తెర మీద కనిపించింది. అక్క తన తొర్రను తాను మొదటిసారి చూసుకుని, "ఇంతేనా" అన్నది ముక్కుతో. కొత్త రేకు వారంలో వస్తుందన్నారు. ఆ వారం గడవడానికి సరిత ఫోన్లో ఏదో వేసిచ్చింది. రాస్తే అదే మాట్లాడుతుంది. అక్క కూడబలుక్కుని నాకు చాయ్ కావాలె అని రాసింది. ఫోను వార్తలు చదివే ఆమెలాగా చదివింది. అక్క పడీపడీ నవ్వింది. "గిది నా లెక్క లేదు, కలెక్టరమ్మ లెక్క ఉన్నది" అని నాకు చెప్పింది. కాలం మంచిదే అయింది, నేను కాదనను. ఈ పిల్లలకు ఒకరి నోటిని ఇంకొకరు మోయాల్సిన పని ఉండదు. మోసేవాళ్లు మధ్యలో ఏం దాచుకుంటారో కూడా వాళ్లకు తెలియదు, తెలియకపోవడమే మంచిది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇద్దరం హాల్లో కూర్చుని చింతచిగురు ఏరుతున్నాం. పుల్లలు తీసేస్తూ నేను ఉన్నట్టుండి అనేశాను. ఎందుకు ఆ రోజే అన్నానో తెలియదు. ఆ ముక్కు మాట మళ్లీ ఇంట్లో వినబడుతుంటే నాకు నిద్ర పట్టడం లేదు, అది ఒక కారణం. "అక్కా, సదాశివనగర్ ఆయన వచ్చిననాడు నువ్వన్నది నాకు సమజ్ అయింది. సమజ్ అయ్యే గట్ల చెప్పిన." అక్క చెయ్యి ఆగలేదు. ఇంకో రెమ్మ తీసుకుని చిగురు దూసింది. తర్వాత రేకు లేని నోటితో, నేను తప్ప లోకంలో ఎవరూ అర్థం చేసుకోలేని మాటతో, నింపాదిగా చెప్పింది.

"నాకు ఎరుక లేదా చెల్లె? నీకు సమజ్ గాని నా మాట ఏదన్న ఉండెనా? నువ్వు ఆడుకోను పోవాలె. నేను పోతెనే నీకు ఇడుపు. చిన్నపిల్లవు, నీకు గంతే తోచింది. పెండ్లి ఆపుకోను నాకు నాలుగు మాటలు సాలు. అవి వచ్చినంక గూడ ఏడాది దాక తంబాకు ఊదిన. ఎవరి కోసం ఊదిన? దుకాణంకు, కార్ఖానకు నేను ఒక్కదాన్నే పోతెనే గద నువ్వు బడికి పోయేది."

నాకు కళ్లు మసకబారాయి. చేతిలోని చిగురు, పుల్లలు కలిసిపోయాయి. వంటింట్లోంచి సరిత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పెద్దత్తమ్మ ఏమో అంటున్నరు. ఏమన్న కావాల్నా అత్తమ్మా?"

అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. "చిగురు పప్పుల ఎయ్యమన్నదని చెప్పు" అన్నది.

నేను సరితను కూర్చోమన్నాను. నా అబద్ధం దగ్గర మొదలుపెట్టి, అక్క అన్నది అన్నట్టుగా చెప్పాను. ఒక్క మాటకు కూడా మెరుగు పెట్టలేదు.